మచ్చికైన సంఘకాపరి: రైన్‌హోల్డ్ నీబూర్ డెట్రాయిట్ నోటుబుక్కు

ఒక క్రైస్తవ పాస్టరు తన పరిచర్య గురించి, తాను బోధించే వాక్యం గురించి ఎప్పటికప్పుడు రాసుకున్న తలపోతలను అభ్యుదయ సాహిత్య విమర్శ పట్టించుకోవాలా అని మిత్రులు అడగవచ్చు. మతం విషయంలో మన వైఖరి తెలిసిందే గదా, మళ్లీ దాని పుటలు తిరగెయ్యడం దేనికి అని కూడా అనవచ్చు. మార్క్సు 1844లో మతం గురించి రాసిన పేరాలో మత్తుమందు మాట ఒక్కటే మనలో చాలామందికి గుర్తుండిపోయింది. అదే పేరాలో పీడితుల దుఃఖం గురించి ఆయన చెప్పినదాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. ఆ దుఃఖాన్ని ఇంటింటికీ వెళ్లి, మంచాల పక్కన కూర్చుని చూసే ఉద్యోగం ఒకటి ఉంది. ఆ ఉద్యోగంలో ఉన్నవాడు చదువుకున్నవాడూ, కళ్లు తెరిచి చూసేవాడూ, తన్ను తాను కూడా వదిలిపెట్టనివాడూ అయినప్పుడు అతని నోటుబుక్కు తన కాలానికి సాక్ష్యం చెబుతుంది. అది పూర్తి సాక్ష్యమా, సగం సాక్ష్యమా అన్నది తేల్చవలసింది మనం.

1920లలో అమెరికాలో పుట్టిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1925లో వచ్చిన మిసెస్ చార్లెస్ కౌమన్ సంకలనం. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో 'ఎడారిలో సెలయేర్లు' అనే పేరుతో అది బాగా పరిచితం. రోజుకొక వచనం, దాని కింద కొంత ఓదార్పు. జపాన్‌లో మిషనరీగా పనిచేసి మంచాన పడ్డ భర్తకు ఏళ్ల తరబడి ఉపచారం చేసిన స్త్రీ కూర్చిన పుస్తకం గనక అందులోని బాధ నిజమైనదే. దాన్ని చులకన చేయవలసిన పని లేదు. కాని ఆ పుస్తకంలో బాధకు ఊరూ పేరూ ఉండవు. ఈ ఎడారి ఎలా ఏర్పడింది, సెలయేరు ఎవరి పొలంలోకి మళ్లింది అన్న ప్రశ్న రాదు. అందులో తేదీలుంటాయి, సంవత్సరం ఉండదు. అందువల్లనే ఏ యేటికైనా, ఏ దేశానికైనా అది అమరిపోతుంది.

రెండోది రైన్‌హోల్డ్ నీబూర్ 1929లో అచ్చువేసిన 'లీవ్స్ ఫ్రమ్ ది నోట్‌బుక్ ఆఫ్ ఎ టేమ్డ్ సినిక్'. ఇక్కడ వ్యవహారం సరిగ్గా తలకిందులు. సంవత్సరాలున్నాయి, తేదీలు లేవు. 1915 నుంచి 1928 దాకా ఒక్కొక్క యేటి కింద కొన్ని తలపోతలు, కొన్ని అరపుట, కొన్ని రెండు పుటలు. ఇది చిన్న తేడా కాదు. భక్తుడి కాలం ఏటేటా తిరిగి వచ్చే పంచాంగపు కాలం. ఇక్కడ కాలం ముందుకే పోతుంది, పోతూ మనిషిని మారుస్తుంది. దినధ్యానం అనే పాత ప్రక్రియను చరిత్రలోకి దించిన పుస్తకంగా దీన్ని చదవాలని నా ఉద్దేశం.

సినిక్ అన్న మాటను తెలుగులో పట్టుకోవడం కష్టం. దేనిమీదా నమ్మకం నిలవక ప్రతిదాన్నీ వెక్కిరించేవాడు అనుకుందాం. 'టేమ్డ్' అంటే మచ్చికైనవాడు. అడవి జంతువును మచ్చిక చేస్తారు, పొగరుబోతు కోడెను మచ్చిక చేస్తారు. మచ్చిక చేసినవాడు ఒకడుంటాడు, చేసినందువల్ల వాడికొక లాభం ఉంటుంది. శీర్షికలో నీబూర్ చిరునవ్వుతో వేసిన ఈ మాట పుస్తకమంతటికీ తాళంచెవి.

నీబూర్ 1892లో మిస్సోరి రాష్ట్రంలోని రైట్ సిటీలో, జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి కూడా పాస్టరే. యేల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి 1915లో, 23 ఏళ్ల వయసున, డెట్రాయిట్‌లోని బేతేలు ఇవాంజెలికల్ సంఘానికి కాపరిగా వచ్చాడు. 13 ఏళ్లు అక్కడే ఉండి 1928లో న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీకి ఆచార్యుడిగా వెళ్లిపోయాడు. ఆ 13 ఏళ్లలో సంఘం ఎంత పెరిగిందో తెలియాలంటే ముందు ఊరు ఎంత పెరిగిందో తెలియాలి. 1910 జనాభా లెక్కల్లో డెట్రాయిట్‌లో 4,65,766 మంది. 1920లో 9,93,678. 1930 నాటికి 15,68,662. ఇరవై ఏళ్లలో మూడు రెట్లకు పైగా. ఈ జనమంతా పల్లెల నుంచి, దక్షిణాది పత్తి చేల నుంచి, తూర్పు ఐరోపా నుంచి మోటారు కార్ల ఫ్యాక్టరీల గేట్ల దగ్గరికి వచ్చి పడ్డవాళ్లు.

1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించి లోకమంతటా దాత అనిపించుకున్నాడు. ఆ 5 డాలర్లకు కార్మికుడు అర్హుడా కాదా అని తేల్చడానికి కంపెనీ మనుషులు అతని ఇంటికి వచ్చి తాగుతాడా, పొదుపు చేస్తాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని ఆరాతీసేవారు. దానికి ఒక శాఖే ఉండేది. 1915లో ఆ శాఖకు అధిపతిగా వచ్చినవాడు శామ్యూల్ మార్క్విస్, అదే ఊరి సెయింట్ పాల్ కెథెడ్రల్‌కు డీన్. అంటే నీబూర్ బేతేలులో అడుగుపెట్టిన యేడే మరొక మతాచార్యుడు ఫోర్డ్ కంపెనీలో అడుగుపెట్టాడు. ఇద్దరి పనీ ఇళ్లు తిరగడమే. పరామర్శ అనే పాత పరిచర్యను పెట్టుబడి తన నిఘాకు ఎలా వాడుకుందో ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు. మార్క్విస్ కూడా అక్కడ ఎక్కువ కాలం నిలవలేక 1921లో బయటికి వచ్చి, 1923లో ఫోర్డ్ మీద ఒక పుస్తకం రాశాడు. అది వేరే కథ.

నోటుబుక్కు తొలి పుటల్లో ఫ్యాక్టరీ లేదు. ఒక బెరుకు కుర్రవాడున్నాడు. సంఘంలో 18 కుటుంబాలే ఉన్నందుకు సంతోషిస్తాడు. ఎందుకంటే ఒక ఇంటి తలుపు తట్టే ధైర్యం కూడగట్టుకోవడానికి ఆ ఇంటిముందు రెండు మూడుసార్లు అటూ ఇటూ నడవాలి. డజను ప్రసంగాలు అయ్యేసరికి తనకు తెలిసిందంతా అయిపోయిందనీ, చెప్పిందే చెబుతున్నాననీ భయం పట్టుకుంటుంది. యువకుల తరగతి నడవకపోవడానికి కారణం తాను ఎక్కువ మాట్లాడటమేనని కొన్నాళ్లకు కనిపెడతాడు. ఆస్పత్రిలో చావుకు దగ్గరైన స్త్రీ కోసం ప్రార్థన చేయబోతూ, చుట్టూ చకచకా తిరిగే డాక్టర్లనూ నర్సులనూ చూసి, తాను ఇరవయ్యో శతాబ్దంలోకి దారితప్పి వచ్చిన పూర్వకాలపు భూతవైద్యుడిలా ఉన్నాననుకుంటాడు. అయినా ప్రార్థన వల్ల ఆమెకు నెమ్మది కలుగుతున్నదని ఆమె చెప్పిన తరువాత అక్కడికి వెళ్లడం అతనికి ఇష్టమవుతుంది.

ఈ పుటలు మనకు ఎందుకు ముఖ్యమంటే, పాస్టరు పనిని ఇవి పనిగా చూపిస్తాయి. వారానికొక ప్రసంగం అంటే వారానికొక సరుకు. సరుకు తయారయినా కాకపోయినా ఆదివారం వస్తుంది. పత్రికలకు వారంవారం శీర్షికలు రాసిన మన రచయితలకు ఈ బాధ బాగా తెలుసు. ప్రేరణ లేకపోయినా ప్రేరణ ఉన్నట్టు మాట్లాడవలసి రావడం, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గొంతునే తన గొంతు అనుకోవడం, ఈ రోగాన్ని నీబూర్ తనలో తానే పట్టుకున్నాడు. మతబోధకుల రచనల్లో ఇది అరుదు. వాళ్లు సాధారణంగా తమ పాపాలు చెప్పుకుంటారు, తమ వృత్తి మెళకువలు చెప్పరు. పాపం ఒప్పుకుంటే గౌరవం పెరుగుతుంది, మెళకువ చెబితే గుట్టు పోతుంది.

వాక్యం విషయంలోనూ ఇదే పద్ధతి. దినధ్యానాల పుస్తకాల్లో వచనం ముందు వస్తుంది, జీవితం దానికి దృష్టాంతంగా వెనక నడుస్తుంది. ఇక్కడ వీధి ముందు వస్తుంది, ఫ్యాక్టరీ ముందు వస్తుంది, శవపేటిక ముందు వస్తుంది. వాక్యం వెనకనుంచి వచ్చి చాలాసార్లు బోధకుడినే నిలదీస్తుంది. యుద్ధం విషయంలో జరిగింది అదే. 1918లో సైనిక శిబిరాలు తిరిగి వచ్చినప్పుడు అతనికి సందేహాలున్నాయి గాని దేశభక్తిదే పైచేయి. 1923లో ఫ్రెంచి సేనల ఆక్రమణలో ఉన్న రూర్ ప్రాంతంలో ఆకలినీ ద్వేషాన్నీ కళ్లారా చూసి వచ్చాక యుద్ధమనే వ్యవహారంతో తనకు ఇక సరి అని రాసుకున్నాడు. క్రీస్తు బోధ 1918లోనూ ఉంది, 1923లోనూ ఉంది. మారింది అతను నిలబడి చదివిన చోటు. (ఈ ప్రతిజ్ఞ కూడా తరువాత నిలవలేదు.)

ఇక 1925. నోటుబుక్కుకు గుండెకాయ లాంటి పుట ఇక్కడుంది. నీబూర్ ఒక పెద్ద మోటారు కార్ల ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లాడు. కొలిమి విభాగంలో వేడి, అలసిపోయిన మనుషులు, పని అంటే బానిసత్వంగా మారిన దృశ్యం. వాళ్లు ఆ పనిని ఇష్టపడలేరు, తాము చేస్తున్న వస్తువు మీద వాళ్లకే అభిమానం ఉండదు, బతకడం కోసం చేస్తారు. మనమంతా నడిపే మంచి కార్ల ధరలో వాళ్ల చెమట కూడా ఒక భాగమనీ, ఆ ధర ఎవరు చెల్లిస్తున్నారో తెలియకుండానే మనం కార్లు నడుపుతున్నామనీ రాశాడు. అక్కడితో ఆగలేదు. ఫ్యాక్టరీ తయారుచేసే వస్తువులు కావాలి గాని దానికి మనుషులు ఎంత ఖర్చయ్యారో ఎవరికీ పట్టదు, అందరం ఇందులో బాధ్యులమే అన్నాడు.

మార్క్సు 1844లో పారిస్‌లో రాసిన రాతప్రతులు 1932లో గాని పూర్తిగా అచ్చుకాలేదు. కార్మికుడికీ అతని శ్రమకూ మధ్య ఏర్పడిన పరాయీకరణను డెట్రాయిట్ పాస్టరు వాటిని చదివి తెలుసుకునే అవకాశం లేదు. కొలిమి దగ్గర నిలబడి చూసి తెలుసుకున్నాడు. కంటితో చూడటం ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఈ పుట ఒక నిదర్శనం.

ఎంత దూరం తీసుకుపోలేదో చెప్పడానికి కూడా ఇదే నిదర్శనం. "అందరం బాధ్యులమే" అన్న మాటను ఒకసారి తరిచి చూడాలి. కారు కొన్న గుమాస్తా, కారు నడిపే పాస్టరు, కారు తయారుచేసి కోట్లు గడించిన ఫోర్డ్, వీళ్లు ముగ్గురూ ఒకే 'మనం'లో ఇరుక్కుపోయారు. నైతికంగా వినడానికి ఇది గంభీరంగా ఉంటుంది. పాపం అందరిదీ అన్నప్పుడు లాభం ఎవరిది అనే లెక్క వెనక్కి పోతుంది. ఆదిపాపం అనే సిద్ధాంతం క్రైస్తవ చింతనలో ఎంత పాతదో అంత అనువైనది కూడా. నీబూర్ తరువాతి జీవితమంతా ఈ సిద్ధాంతం చుట్టూ తిరగడం కాకతాళీయం కాదు. దాని విత్తనం ఇక్కడే ఉంది.

మరొక లోపం రూపంలో కనబడుతుంది. ఆస్పత్రిలోని స్త్రీకి ఈ పుస్తకంలో ఒక మాట ఉంది, ఒక స్వభావం ఉంది. కొలిమి దగ్గరి మనుషులకు చెమట ఉంది, వేడి ఉంది, మాట లేదు. ఆమె అతని సంఘంలోని మనిషి. వాళ్లు అతను వెళ్లి చూసి వచ్చినవాళ్లు. బేతేలు ప్రధానంగా మధ్యతరగతి సంఘం. నీబూర్ వచ్చినప్పుడు 65 మంది సభ్యులతో ఉన్నది వెళ్లేనాటికి దాదాపు 700 అయింది. ఆ పెరుగుదల కొలిమి నుంచి వచ్చింది కాదు.

ఈ సంగతి ఆయనకు తెలియదనుకోకూడదు. 1926 కింద ఒక చిన్న తలపోత ఉంది. ఫ్యాక్టరీ పుటకన్నా దీన్ని నేను మిన్నగా భావిస్తాను. తల్లితో కలిసి ఒక ఇంటికి వెళతాడు. ఆ ఇంటాయన ఏ చర్చికీ చెందినవాడు కాడు. ఊళ్లో నా అన్నవాళ్లు లేరు. పని పోయింది, ఆ తరువాత జబ్బు చేసింది. వయసు 55 దాటి ఉంటుంది. జబ్బు నయమైనా పని దొరకదు. ఆధునిక ఫ్యాక్టరీకి కుర్రవాళ్లు కావాలి, వాళ్లను కూడా తొందరగానే వాడేసి పారేస్తుంది. యంత్రంలో ఉన్న నైపుణ్యమే తప్ప తనకంటూ నైపుణ్యం లేని కార్మికుడికి వయసు ఉడిగాక అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. ఆ కుటుంబం నిరాశ చూడలేక పని వెతికిపెడతానని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోవడం కష్టమని ఇంటికొచ్చి రాసుకుంటాడు. చివర్లో ఒక మాట. ఇలాంటి బాధితులను తాను ఇంకా కలవాలట, ఆ పని అంతా అమ్మ ఒక్కదానికే వదిలెయ్యకూడదట.

ఆ చివరి వాక్యం ఎంత చెప్పేస్తున్నదో చూడండి. తల్లి లిడియా భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చి సంఘం పనిని భుజాన వేసుకున్న మనిషి. ఆమె నడిపింది గనకనే ఆయన దేశమంతా తిరిగి కళాశాలల్లో ఉపన్యాసాలివ్వగలిగాడు. ప్రవచనం కొడుకుది, పరిచర్య తల్లిది. సంఘకాపరి అనే మాటలోని కాపరితనంలో పెద్ద పాలు ఆమెదే అయినప్పుడు ఆమె నోటుబుక్కు మనకు లేకపోవడం లోటు. మహాపురుషుల దినచర్యలు చదివేటప్పుడు ఆ దినం గడవడానికి వెనక ఎవరు పనిచేశారో అడగడం విమర్శకులు అలవాటు చేసుకోవాలి.

1926, 1927 సంవత్సరాల్లో ఫోర్డ్ మీద రాసిన పుటల్లో నీబూర్ కలం బాగా పదునెక్కింది. 1926లో ఫోర్డ్ వారానికి 5 రోజుల పని ప్రకటించినప్పుడు అమెరికా పత్రికలు మళ్లీ దాతృత్వం అన్నాయి. ఆరు రోజుల ఉత్పత్తిని అయిదు రోజుల్లో పిండుకుని అయిదు రోజుల జీతం ఇవ్వడం ఎలాంటి దాతృత్వమని నీబూర్ 'క్రిస్టియన్ సెంచరీ' పత్రికలో అదే యేడు అడిగాడు. 1927 మే నెలలో మోడల్ టి కారు ఉత్పత్తి ఆపేసి ఫోర్డ్ ఫ్యాక్టరీ మూసి కొత్త నమూనాకు మార్పులు చేసుకున్నాడు. మోడల్ ఎ డిసెంబరు 2న బయటికి వచ్చింది. మధ్య నెలల్లో పదుల వేలమంది కార్మికులు వీధిన పడ్డారు. కొత్త కారు చూడటానికి జనం ఎగబడుతుంటే నీబూర్ తన నోటుబుక్కులో కూడికలు వేసుకున్నాడు. ఆ యేడాదిలో కార్మికులు పోగొట్టుకున్న జీతాలు తక్కువలో తక్కువ 5 కోట్ల డాలర్లని లెక్క తేల్చాడు. ఇళ్లు పోయినవాళ్లు ఎంతమందో, బడి మానిన పిల్లలు ఎంతమందో లెక్కపెట్టినవాడు లేడన్నాడు. యంత్రాల విషయంలో ప్రతిభా, మిగతా విషయాల్లో అమాయకత్వమూ ఉన్న ఒక పెద్దమనిషి లక్షలమంది బతుకులకు విధాత కావడం ఏం నాగరికత అని విస్తుపోయాడు.

కవితావేశం ఇక్కడ లేదు, కూడికలున్నాయి. 1925 నాటి 'మనం' ఇక్కడ కనబడదు. అతనికి పేరుంది, వాళ్లకు సంఖ్య ఉంది. కరుణ నుంచి లెక్కలోకి వచ్చినప్పుడు ఈ రచయిత దృష్టి స్పష్టమైంది. అంకెలు సాహిత్యానికి శత్రువులని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. ఈ పుట చదివితే సడలుతుంది.

1926 అక్టోబరులో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ మహాసభ డెట్రాయిట్‌లో జరిగింది. ఆనవాయితీ ప్రకారం ఆదివారం చర్చీల్లో కార్మిక నాయకులు మాట్లాడాలి. ఊరి వ్యాపార సంఘం కన్నెర్రజేసేసరికి ఆహ్వానాలు వెనక్కి పోయాయి. ప్రసంగవేదిక తెరిచి ఉంచిన కొద్దిమందిలో నీబూర్ ఒకడు. చర్చి పెట్టుబడికి ఎంత భయపడుతుందో ఆయన దాపరికం లేకుండా రాశాడు. తమాషా ఏమిటంటే, ఊరి ధనికులు అంతగా భయపడ్డ ఆ కార్మిక నాయకులను దగ్గరినుంచి చూస్తే బ్యాంకర్ల గుంపుకున్నపాటి సాహసమే వాళ్లకూ ఉన్నదని ఆయనకు తోచింది. అమెరికా కార్మికోద్యమ చరిత్ర తెలిసినవాళ్లు ఈ మాటను కాదనలేరు. ఒక పాస్టరు సరదాగా అన్నంతమాత్రాన అది అబద్ధం కాదు.

ఇప్పుడు శీర్షికలోని మాటకు వద్దాం. పాస్టర్లు నిజం చెప్పరు, జీతం ఇచ్చేవాళ్లకు భయపడతారు అని బయటివాళ్ల విమర్శ. ఇందులో కొంత నిజముందని నీబూర్ ఒప్పుకుంటాడు. కాని అసలు కారణం భయం కాదంటాడు. కొన్నేళ్లు కలిసి బతికి, వాళ్ల పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి, వాళ్ల తల్లిదండ్రులను పాతిపెట్టి, వాళ్లను ప్రేమించడం నేర్చుకున్నాక, ఆ మనుషుల మొహం మీద చేదు నిజం చెప్పడం కష్టమంటాడు. ప్రవక్తలు ఊరూరా తిరిగేవాళ్లు కావడానికి కారణం ఇదేనట. చెప్పి వెళ్లిపోయేవాడు చెప్పగలడు, ఉండిపోయేవాడు చెప్పలేడు. అంటే బోధకుడిని మచ్చిక చేసేది డబ్బు కాదు, ప్రేమ.

పుస్తకంలో ఇంతకన్నా నిజాయితీ గల పుట లేదు. ఇంతకన్నా ప్రమాదకరమైన పుట కూడా లేదు.

ఆయన సంఘం పేరే గుర్తుచేసుకుందాం. బైబిలులో ఆమోసు ప్రవక్త ఇశ్రాయేలు ధనికులను తిట్టింది బేతేలులోనే. ఆమోసు జీతగాడు కాడు. పశువులు కాచుకునేవాడు, మేడిపండ్లు ఏరుకునేవాడు. బేతేలు యాజకుడు అమజ్యా యరొబాము రాజుకు కబురు పంపి, ఇది రాజుగారి ఆలయం, నీ దేశం పోయి అక్కడ రొట్టె సంపాదించుకో అని ఆమోసును వెళ్లగొట్టాడు. ఆ కథలో యాజకుడికీ ప్రవక్తకూ మధ్య తేడా స్వభావాల తేడా కాదు, జీవనోపాధుల తేడా. అమజ్యా కూడా తన ఆలయానికి వచ్చేవాళ్లను ప్రేమించే ఉంటాడు. ఆమోసు బీదలను ప్రేమించకపోతే అంత కోపం ఎక్కడినుంచి వస్తుంది? కనుక ప్రేమ ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఎవరి పక్కన కూర్చుంటే ఎవరిమీద ప్రేమ పుడుతుందన్నది ప్రశ్న. పక్క బెంచీలో ఉన్నవాడిమీద ప్రేమ తనంత తాను పుడుతుంది. కొలిమి దగ్గరివాడిమీద పుట్టాలంటే అక్కడికి నడిచి వెళ్లాలి, మళ్లీ మళ్లీ వెళ్లాలి. సంఘంలో ఎవరు కూర్చుంటారో ముందే ఆస్తి నిర్ణయిస్తుంది. ఆ తరువాత ప్రేమ తన పని చేస్తుంది. ఆ మేరకు ప్రేమ కూడా వర్గాతీతం కాదు. నీబూర్ ప్రేమనూ భయాన్నీ వేరుచేసి చూశాడు గాని, రెండూ ఒకే బెంచీ మీద పుట్టాయన్న సంగతి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

ఈ మాట పాస్టర్లకే పరిమితం చేసి మనం ఊపిరి పీల్చుకోవడం న్యాయం కాదు. భూస్వామిని తిట్టే కథ మన సభల్లో చదివితే చప్పట్లు పడతాయి. భూస్వామి ఆ హాల్లో ఉండడు గదా. హాల్లో ఉన్న లెక్చరర్లనూ, గుమాస్తాలనూ, కట్నం తీసుకున్న అభ్యుదయవాదులనూ, కులం దగ్గర నోరు పెగలని మిత్రులనూ నొప్పించే వాక్యాలు మన కలాల నుంచి ఎన్ని వచ్చాయి? ఎందుకు రాలేదంటే మనమూ నీబూర్ చెప్పిన కారణమే చెబుతాం. వాళ్లు మనవాళ్లు. ఆయన తన సంగతి అచ్చులో పెట్టాడు. ఆ మేరకు మనకన్నా ఒక అడుగు ముందున్నాడు.

తరువాతి నీబూర్ కథ క్లుప్తంగా చెప్పాలి, లేకపోతే ఈ పుస్తకాన్ని తప్పుగా చదివే ప్రమాదముంది. 1930లోనూ 1932లోనూ సోషలిస్టు పార్టీ తరఫున ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. 1932లో అచ్చయిన 'మోరల్ మ్యాన్ అండ్ ఇమ్మోరల్ సొసైటీ'లో అధికారం ఉన్న వర్గం నచ్చజెబితే దాన్ని వదులుకోదని వాదించాడు. అందులో మన దేశం ప్రసక్తి గణనీయంగా ఉంది. గాంధీ సహాయ నిరాకరణను మెచ్చుకుంటూనే, అది కూడా బలప్రయోగమేననీ, విదేశీ వస్త్ర బహిష్కారం దెబ్బ ఇంగ్లండులోని మిల్లు కార్మికుల పిల్లల తిండి మీద పడుతుందనీ చూపించాడు. అమెరికా నల్లజాతివారికి ఈ పద్ధతి పనికివస్తుందని కూడా రాశాడు. ఆ పుస్తకాన్ని చదివినవాళ్లలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు. 1940లో నీబూర్ సోషలిస్టు పార్టీ నుంచి తప్పుకున్నాడు. యుద్ధానంతరం కమ్యూనిస్టు వ్యతిరేక ఉదారవాదులకు సిద్ధాంతకర్త అయ్యాడు. 1948 మార్చిలో 'టైమ్' పత్రిక ముఖచిత్రమయ్యాడు. 1964లో అమెరికా ప్రభుత్వపు అత్యున్నత పౌర పతకం అందుకున్నాడు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించి, 1971లో కన్నుమూశాడు. 2007లో బరాక్ ఒబామా తన అభిమాన తాత్వికుల్లో ఒకడని ఆయన పేరు చెప్పాడు. రాజ్యానికి ఇంతగా పనికివచ్చిన ప్రవక్త ఆ దేశంలో అరుదు.

ఇదంతా తెలిసి కొందరు నోటుబుక్కును కూడా కొట్టిపారేస్తారు. అది సాహిత్య విమర్శ కాదు. 1927 నాటి ఆ లెక్క 1948 నాటి ముఖచిత్రం వల్ల తప్పు కాదు. మరికొందరు ఇందులోని వ్యంగ్యాన్ని పరిణతి అని మెచ్చుకుంటారు. దానితోనూ నాకు పేచీ ఉంది. తన్ను తాను వెక్కిరించుకోవడం ఇందులో చాలా చోట్ల చురుకైన ఆయుధం, కొన్ని చోట్ల తప్పుకునే సందు. నేను మచ్చికైపోయాను సుమా అని నవ్వుతూ ముందే చెప్పినవాడిని మళ్లీ అడగడానికి చదువరికి మొహమాటంగా ఉంటుంది. విద్యార్థులు ఈ పుస్తకం చదివేటప్పుడు ఏ నవ్వు గాయం మీద నుంచి వచ్చింది, ఏ నవ్వు గాయాన్ని కప్పడానికి వచ్చింది అని విడదీసి చూస్తే ఉపయోగం.

చివరగా వర్ణం సంగతి. 1925 సెప్టెంబరులో ఆసియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టరు డెట్రాయిట్‌లో తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొనుక్కుంటే జనం గుంపుగా ఇంటిమీదికి వచ్చారు. లోపలినుంచి కాల్పులు జరిగి ఒకడు చనిపోయాడు. ఆ కేసులో క్లారెన్స్ డారో వాదించాడు. ఊరి మేయరు జాతి సంబంధాల మీద ఒక సంఘం వేసి నీబూర్‌ను అధ్యక్షుడిని చేశాడు. దక్షిణాది నుంచి వచ్చిన నల్లవారి బతుకు ఊళ్లో ఎంత దుర్భరంగా ఉందో తిరిగి చూసినవాడికి తప్ప తెలియదని ఆయన నోటుబుక్కులో రాశాడు. సంఘం నివేదిక ఇచ్చింది. అమెరికా నల్లజాతి దైవశాస్త్రవేత్త జేమ్స్ కోన్ 2011లో రాసిన పుస్తకంలో, సిలువ గురించి ఇంత రాసిన నీబూర్ చెట్లకు ఉరితీయబడ్డ నల్లవారిలో ఆ సిలువను ఎందుకు చూడలేకపోయాడని నిలదీశాడు. ఆ ప్రశ్న ఈ నోటుబుక్కుకు కూడా వర్తిస్తుంది. నివేదిక ఊరికి అందింది. సొంత సంఘంలో ఆ మాట ఎంత గట్టిగా అన్నాడన్నది ఈ పుటల్లో దొరకదు.

1928లో వెళ్లిపోయేముందు రాసుకున్న పుటల్లో ఆ సంఘాన్ని వదలడం తనవల్ల కావడం లేదంటాడు. పాస్టరుకూ సంఘానికీ ఉండే బంధం వంటిది మరొకటి లేదనీ, ఆ చిన్నపిల్లలు పెరిగి పెద్దవాళ్లు కావడం చూస్తూ ఇక్కడే ఉండిపోవాలనిపిస్తుందనీ అంటాడు. ఆ ప్రేమను శంకించడానికి నాకు ఆధారం ఏమీ లేదు. ఆయన తరువాత వచ్చిన పాస్టరు నల్లవారిని బేతేలులో సభ్యులుగా చేర్చుకుందామన్నాడు. సంఘం రెండుగా చీలింది. 1930లో ఆ పాస్టరు పదవి పోయింది. అప్పటికి నోటుబుక్కు అచ్చయి పుస్తకాల దుకాణాల్లో ఉంది.